కమ్యూనిటీ కాలేజీ నుంచి బర్కిలీ, యూసీఎల్‌ఏ వంటి చోట్లకు ట్రాన్స్‌ఫర్: ట్యూటర్‌గా నేను చేయగలిగింది ఏమిటి?

ప్రశ్న — లెక్కల ట్యూటర్, ఈస్ట్ బే

అందరికీ నమస్కారం. నేను శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని ఒక కమ్యూనిటీ కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతున్నాను. ఇలాంటి కాలేజీలో మొదటి రెండేళ్లు చదివి, మిగతా డిగ్రీకి యూనివర్సిటీకి మారవచ్చు; ఆ మారడాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. హైదరాబాదులో ఎమ్మెస్సీ గణితం చదివి, పెళ్లి తర్వాత ఇక్కడికి వచ్చి, వర్క్ పర్మిట్ చేతికి అందిన తర్వాత ఈ పనిలో చేరాను. నా దగ్గరకు వచ్చేవారిలో మన పిల్లలు కొద్దిమందే. ఎక్కువమంది మెక్సికో, ఫిలిప్పీన్స్, వియత్నాం, అఫ్ఘానిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు. వారిలో చాలామంది ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ విద్యార్థే.

2022లో చేసిన ఏబీ 1705 చట్టం ప్రకారం సైన్సు, ఇంజనీరింగు వైపు వెళ్లదలచిన వారిని ఇప్పుడు చాలావరకు నేరుగా కాల్క్యులస్‌లోనే చేరుస్తున్నారు కాబట్టి, మా సెంటర్‌లో కుర్చీలు ఖాళీ ఉండడం లేదు. పాఠం చెప్పడంలో నాకు ఇబ్బంది లేదు. నన్ను బాధపెడుతున్న విషయం వేరే ఉంది. ఇంటిగ్రేషన్‌లో ఒకే లెక్కను రెండు పద్ధతుల్లో చేసి, రెంటిలో ఏది మేలో నాతో వాదించగల పిల్లవాడిని “నువ్వు ఎక్కడికి అప్లై చేస్తున్నావు?” అని అడిగితే, ఇంటికి దగ్గరలో ఉన్న ఒకే ఒక్క కాలేజీ పేరు చెబుతాడు. బర్కిలీ మాట ఎత్తితే తల దించుకుని, అది తనలాంటి వాళ్లకు కాదంటాడు. మా కాలేజీలో కౌన్సెలర్లు మంచివారే, కానీ ఒక్కొక్కరి మీద వందలమంది విద్యార్థుల భారం ఉంటుంది. అరగంట అపాయింట్‌మెంట్‌లో ఒక పిల్లవాడి భవిష్యత్తంతా మాట్లాడడం ఎవరికీ సాధ్యం కాదు.

మన తెలుగు కుటుంబాల్లో చిక్కు మరో రకంగా ఉంది. పిల్లవాడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడని బంధువులకు చెప్పుకోవడమే నామోషీ అనుకునే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ నామోషీ వల్ల వారు ఎవరినీ ఏమీ అడగరు, అడగకపోవడం వల్ల తేదీలు దాటిపోతాయి.

కౌన్సెలర్ పనిలో తలదూర్చకుండా, ఒక ట్యూటర్‌గా నేను ఈ పిల్లలకు ఏ మేరకు సాయపడగలను? ఏ విషయాలు నేను తప్పనిసరిగా తెలుసుకుని ఉండాలి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా రాయగలరు.

జవాబు 1 — విశ్రాంత కౌన్సెలర్, శాక్రమెంటో

అమ్మా, మీ ప్రశ్న చూసి సంతోషించాను. చాలా ఏళ్లు ఇదే పని చేసినవాణ్ని కనుక కాస్త విపులంగా రాస్తాను.

ముందుగా కాలం లెక్క చూడండి. రెండేళ్లు చదివి వెళ్లిపోతామని పిల్లలు అనుకుంటారు గానీ, యూనివర్సిటీ చూసేది రెండేళ్ల చదువును కాదు. 2026 శరత్కాలంలో మీ కాలేజీలో చేరిన విద్యార్థి 2028 శరత్కాలంలో యూసీలో (బర్కిలీ, యూసీఎల్‌ఏ వంటి క్యాంపస్‌లున్న యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో) అడుగుపెట్టాలంటే, 2027 అక్టోబరు, నవంబరు నెలల్లో అప్లికేషన్ పంపాలి. ఆనాటికి అతని ట్రాన్‌స్క్రిప్టులో ఉండేవి మొదటి రెండు సెమిస్టర్ల గ్రేడ్లు, వేసవిలో ఏమైనా చదివి ఉంటే అవి మాత్రమే. మూడో సెమిస్టరు గ్రేడ్లను జనవరిలో విడిగా నమోదు చేయాలి. అంటే కాలేజీ అంటే ఏమిటో ఇంకా అర్థం కాని మొదటి నాలుగు నెలలే నిర్ణయంలో దాదాపు మూడోవంతు బరువు మోస్తాయి. సాయం చేయాలనుకునే వారు రెండో సంవత్సరంలో ఎస్సేల దగ్గర మొదలుపెడతారు. నా దృష్టిలో అది ఆలస్యం. మొదటి సెమిస్టరు టైమ్‌టేబుల్ దగ్గరే మొదలుపెట్టాలి.

లెక్కల ట్యూటర్‌గా మీకు ఇక్కడ కౌన్సెలర్ కంటే ఎక్కువ అవకాశం ఉంది. ఇంజనీరింగు, ఫిజిక్స్ వంటి మేజర్లకు (డిగ్రీలో ప్రధాన విషయాలకు) కాల్క్యులస్ రెండు భాగాలు, ఆపై మల్టీవేరియబుల్, లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా వస్తాయి. ఫిజిక్స్ కోర్సులు ఆ గొలుసుకు ముడిపడి ఉంటాయి. ఒక లింకు తెగితే ఏడాది పోతుంది. మీ దగ్గర కూర్చున్న పిల్లవాడు ఈ సెమిస్టరులో ఫిజిక్స్ తీసుకోకపోతే “ఎందుకు తీసుకోలేదు?” అని అడగండి. చాలాసార్లు జవాబు, సీట్లు నిండిపోయాయి అని ఉంటుంది. అప్పుడు అతను ఈఓపీఎస్‌కు అర్హుడేమో కనుక్కోమనండి. తక్కువ ఆదాయ కుటుంబాల విద్యార్థుల కోసం 1969 నుంచి నడుస్తున్న ఆ కార్యక్రమంలో పుస్తకాల సాయంతో పాటు, అందరికంటే ముందు రిజిస్టర్ చేసుకునే వీలు ఉంటుంది. సీటు దొరకడం అన్నది అక్కడే తేలిపోతుంది. మీ ప్రాంతంలోనే, హేవర్డ్‌లోని షాబో కాలేజీలో 1981లో పుట్టిన, ట్రాన్స్‌ఫర్‌కు సాయపడే ప్వెంతే కార్యక్రమం, సైన్సు విద్యార్థుల కోసం ఉన్న మీసా కార్యక్రమం కూడా మీ కాలేజీలో ఉన్నాయేమో చూడండి.

గ్రేడ్ల విషయంలో పిల్లలకు తెలియని నియమం ఒకటుంది. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో డి గాని ఎఫ్ గాని వస్తే ఆ కోర్సు మళ్లీ చదవనిస్తారు. సి వస్తే, గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ చదవనివ్వరు. ఆ సి అలాగే నిలిచిపోతుంది. కాబట్టి రెండో మిడ్‌టర్మ్ పాడైన విద్యార్థితో, విత్‌డ్రా గడువు దాటకముందే, కోర్సులో కొనసాగాలా వద్దా అన్నది కౌన్సెలర్‌తో మాట్లాడమని చెప్పగల మనిషి మీరే. ఎందుకంటే మిడ్‌టర్మ్ పేపరు పట్టుకుని ముందుగా వచ్చేది మీ దగ్గరకే.

తర్వాత అసిస్ట్ వెబ్‌సైటు. మీ కాలేజీ పేరు, వెళ్లదలచిన క్యాంపస్ పేరు, మేజరు ఎంచుకుంటే ఒక పట్టిక వస్తుంది. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే మీ కాలేజీ కోర్సు ఉంటాయి. కొన్ని వరుసల్లో కుడివైపు “నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్” (సరిపోయే కోర్సు లేదు) అని కనిపిస్తుంది. పిల్లలు ఆ మాట చూసి, ఆ క్యాంపస్‌కు దారి మూసుకుపోయిందని పట్టిక మూసేస్తారు. అలా కాదు. పక్క ఊరి కమ్యూనిటీ కాలేజీలోనో, ఆన్‌లైన్‌లో మరో జిల్లా కాలేజీలోనో ఆ కోర్సు ఉండవచ్చు. ఒకే మేజరుకు రెండు క్యాంపస్‌లు వేర్వేరు కోర్సులు అడుగుతాయి కనుక, మూడు నాలుగు క్యాంపస్‌ల పట్టికలను ముద్రించి, బల్ల మీద పక్కపక్కన పరచి, అన్నింటిలో ఉన్న కోర్సులకు ఒక రంగు, ఒక్కచోటే ఉన్నవాటికి మరో రంగు పూయించండి. ఆ కాగితాలతో కౌన్సెలర్ దగ్గరకు పంపితే అరగంట అపాయింట్‌మెంట్ నిజంగా పనికొస్తుంది. ఇది కౌన్సెలర్ పనిలో తలదూర్చడం కాదు. నాకు అలాంటి కాగితాలతో వచ్చిన విద్యార్థి దొరికిన రోజు పండుగలా ఉండేది.

ట్యాగ్ అనే హామీ పథకం గురించి మీరు వినే ఉంటారు. డేవిస్, అర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్ క్యాంపస్‌లలో ఏదో ఒక్కదానికి, సెప్టెంబరు 1 నుంచి 30 లోపు దరఖాస్తు చేసి, వారు అడిగిన జీపీఏ, కోర్సులు పూర్తిచేస్తే సీటు ఖాయం. బర్కిలీ, యూసీఎల్‌ఏ, శాన్‌డియాగో ఇందులో లేవు. కొన్ని మేజర్లు కూడా ఉండవు. ఉదాహరణకు సాంటా బార్బరాలో ఇంజనీరింగుకు ఈ హామీ వర్తించదు. షరతులు ఏటా మారతాయి కాబట్టి ఆ ఏటి పత్రమే చదవాలి. యూసీఎల్‌ఏకు హామీ లేకపోయినా, ఆనర్స్ ప్రోగ్రాం ఉన్న కొన్ని కాలేజీలతో ట్యాప్ అనే ఒప్పందం ఉంది. అది పూర్తిచేసినవారి దరఖాస్తును ప్రత్యేక ప్రాధాన్యంతో చూస్తారు.

యూసీఎల్‌ఏలో నేరుగా హైస్కూలు నుంచి దరఖాస్తు చేసేవారిలో పదిమందికి ఒకరికి కూడా సీటు రావడం లేదు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుల్లో సుమారు నలుగురిలో ఒకరికి వస్తోంది. అలా ప్రవేశం పొందేవారిలో అత్యధికులు కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల వారే. కంప్యూటర్ సైన్స్ వంటి మేజర్లలో పోటీ ఇంతకంటే చాలా తీవ్రంగా ఉంటుంది, అది దాచకూడదు. అయినా “నాలాంటి వాళ్లకు కాదు” అన్న పిల్లవాడికి ముందుగా చెప్పవలసిన మాట ఇదే.

జవాబు 2 — ట్రాన్స్‌ఫర్ విద్యార్థిని, బర్కిలీ

నమస్కారం ఆంటీ. నేను ఈస్ట్ బేలోని ఒక కమ్యూనిటీ కాలేజీ నుంచి వచ్చి ఇప్పుడు బర్కిలీలో స్టాటిస్టిక్స్ చదువుతున్నాను. పెద్దలు కోర్సుల గురించి రాశారు కనుక నేను ఎస్సేల గురించి రాస్తాను.

యూసీ అప్లికేషన్‌లో ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు నాలుగు ప్రశ్నలకు జవాబు రాయాలి. ఒక్కొక్కటి 350 పదాలు మించకూడదు. మూడింటిని ఏడు ప్రశ్నల్లోంచి ఎంచుకోవచ్చు గానీ, ఒకటి మాత్రం అందరికీ తప్పనిసరి: ఎంచుకున్న మేజరుకు మీరు ఎలా సిద్ధమయ్యారు అన్నది. మా తోటివారిలో చాలామంది దాన్ని కష్టాల కథగా రాశారు. ఆ ప్రశ్న అడిగేది కష్టాల గురించి కాదు, చదువు గురించి. ఏ కోర్సులో ఏ విషయం మిమ్మల్ని పట్టుకుంది, తర్వాత దాని కోసం ఏం చేశారు అన్నది అందులో రావాలి. నా మొదటి ప్రతి చదివిన మా ట్యూటర్ ఒక్క వాక్యం కూడా మార్చలేదు. “నువ్వు నాకు రిగ్రెషన్ గురించి చెప్పిన రోజు, ఆ లెక్కను మీ నాన్నగారి కారు మైలేజీ మీద వేసి చూశానన్నావు కదా, అది ఇందులో ఎందుకు లేదు?” అని అడిగారు. అది రాయదగిన విషయమని నాకు తోచనే లేదు. మీరు పిల్లలను వారం వారం చూస్తారు కాబట్టి, వాళ్లు మరచిపోయినవి మీకు గుర్తుంటాయి. దయచేసి అడగండి, కానీ వాక్యాలు మాత్రం వాళ్లనే రాయనివ్వండి.

సాయంత్రం దుకాణంలో పని చేయడం, చెల్లెలిని స్కూలు నుంచి తీసుకురావడం, అమ్మమ్మను డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి మాటలు తర్జుమా చేయడం వంటివి కూడా అప్లికేషన్‌లోని కార్యకలాపాల భాగంలో రాయవచ్చునని చాలామందికి తెలియదు. క్లబ్బులు, పోటీలు లేవని ఆ భాగాన్ని ఖాళీగా వదిలేస్తారు.

మన కుటుంబాలకు సంబంధించిన విషయం ఒకటి తప్పక చెప్పాలి. నేను హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగి మీద ఆధారపడిన కుటుంబసభ్యులకిచ్చే వీసా మీద ఉన్నాను. కాలిఫోర్నియాలో హెచ్-4 వారు నివాస హోదా పొంది, స్థానికుల ఫీజుతో చదువుకోవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో అది యూనిట్‌కు 46 డాలర్లు. కానీ మాకు ఫెడరల్ ఫైనాన్షియల్ ఎయిడ్ రాదు. 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుంది. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే నివాస హోదా దక్కదు, అప్పుడు యూసీలో ఏటా 30 వేల డాలర్లకు పైగా అదనపు ఫీజు మీద పడవచ్చు. ట్రాన్స్‌ఫర్ అయ్యే వయసు, ఈ 21 ఏళ్ల గడువు సరిగ్గా ఒకేచోట కలుస్తాయి. అందుకే పుట్టినరోజు తేదీని ముందు పెట్టుకుని, ఇమ్మిగ్రేషన్ లాయరుతో ముందే మాట్లాడాలి. నామోషీతో ఎవరినీ అడగని కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

వెళ్లిన తర్వాతి మాట కూడా ఒకటి. మొదటి సెమిస్టరులో మాలో చాలామందికి గ్రేడ్లు పడిపోయాయి. ముప్పై మంది తరగతి నుంచి వందలమంది హాలులోకి వచ్చేసరికి, చెయ్యెత్తి అడగడానికే ధైర్యం చాలదు. ఆఫీస్ అవర్స్‌కు (ప్రొఫెసర్లు విద్యార్థులను విడిగా కలిసే వేళలకు) వెళ్లే అలవాటును కమ్యూనిటీ కాలేజీలో ఉండగానే నేర్పిస్తే ఇక్కడ ఎంతో మేలు జరుగుతుంది.

జవాబు 3 — ఒక తల్లి, ఉత్తర వర్జీనియా

చర్చ అంతా కాలిఫోర్నియా చుట్టూ తిరుగుతోంది కనుక బయటి మాట కొంచెం చేరుస్తాను. వర్జీనియాలో కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ నిర్ణీత గ్రేడ్లతో పూర్తిచేసినవారికి యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా, విలియం అండ్ మేరీ వంటి చోట్ల ప్రవేశానికి హామీ ఒప్పందాలు ఉన్నాయి. మా అమ్మాయి ఈ దారినే వెళ్లింది.

మీ విద్యార్థుల విషయంలో నేను చెప్పదలచింది ప్రైవేటు కాలేజీల గురించి. 1990 తర్వాత ట్రాన్స్‌ఫర్లను ఆపేసిన ప్రిన్స్‌టన్ 2018లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు, తక్కువ ఆదాయ కుటుంబాలకు, సైన్యంలో పనిచేసి వచ్చినవారికి ప్రాధాన్యం ఇస్తామని ప్రకటించింది. తీసుకునేది కొద్దిమందినే. ఆమ్‌హర్స్ట్, కార్నెల్, మౌంట్ హోల్యోక్ వంటివి 2006లోనే జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ సాయంతో ఈ విద్యార్థుల కోసం ప్రత్యేక ప్రయత్నం ప్రారంభించాయి. ఆ ఫౌండేషనే ట్రాన్స్‌ఫర్ విద్యార్థులకు ఏటా 55 వేల డాలర్ల దాకా స్కాలర్‌షిప్ ఇస్తుంది. కాలేజీ వెబ్‌సైటులో రాసిన ఫీజు చూసి బెదిరిపోయే కుటుంబాలకు తెలియని సంగతి, తక్కువ ఆదాయం ఉన్నవారి అవసరమంతా గ్రాంటుగా ఇచ్చే ధనిక కాలేజీల్లో చివరికి చెల్లించేది ప్రభుత్వ యూనివర్సిటీలో కంటే తక్కువ కావచ్చు. ప్రతి కాలేజీ వెబ్‌సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. తల్లిదండ్రుల పన్ను కాగితాలు దగ్గర పెట్టుకుని ఆ అంకెలు నింపించడం కూడా మీరు చేయగల సాయమే.

యూసీ సిఫారసు ఉత్తరాలు అడగదు, ఈ ప్రైవేటు కాలేజీలు అడుగుతాయి. చాలావాటికి గడువు మార్చిలో ఉంటుంది. ప్రొఫెసరుకు పేరు కూడా తెలియని విద్యార్థికి ఉత్తరం ఎవరు రాస్తారు? అందుకే మొదటి ఏడాదిలోనే ఇద్దరు అధ్యాపకులతో పరిచయం పెంచుకోమనాలి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారినవారు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారని అమెరికా కాంగ్రెసుకు నివేదికలిచ్చే ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో అంచనా వేసింది. ఒప్పందం లేని ప్రైవేటు కాలేజీకి వెళితే ప్రతి కోర్సు సిలబస్ చూపవలసి రావచ్చు. సెమిస్టరు ముగియగానే సిలబస్‌లను పారేయకుండా ఒక ఫోల్డరులో దాచుకోమనండి.

జవాబు 4 — సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, శాన్‌హోసే

అందరూ చెప్పినది బాగుంది, ఒక్క విషయంలో నా అభిప్రాయం వేరు. పేరున్న కాలేజీ అనే మాట పిల్లల నెత్తిన మరీ పెద్ద మూటగా పెట్టవద్దు. 2010లో వచ్చిన ఎస్‌బీ 1440 చట్టం ప్రకారం అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్ అనే కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ పూర్తిచేసినవారికి కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) వ్యవస్థలో ఏదో ఒక క్యాంపస్‌లో ప్రవేశం ఖాయం. అది కోరుకున్న క్యాంపస్సే కానక్కరలేదు. మా టీములో శాన్‌హోసే స్టేట్ నుంచి వచ్చినవారు ఎవరికీ తీసిపోరు. ఇల్లు గడవడానికి పిల్లవాడి జీతం కూడా అవసరమైన కుటుంబానికి, ఇంటి నుంచి వెళ్లి చదువుకునే అవకాశం చిన్నది కాదు.

మళ్లీ ప్రశ్నించినవారు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. శాన్‌హోసే వారి మాట కాదనను. దగ్గరి కాలేజీని అన్నీ తెలుసుకుని ఎంచుకున్నవాడి గురించి నాకు బెంగ లేదు, మిగతావి ఉన్నాయనే తెలియక అక్కడికి వెళ్లేవాడి గురించే నా బెంగ.

ఇప్పుడు నా ముందు ఒక నిర్దిష్టమైన సమస్య ఉంది. హేవర్డ్‌లో ఉంటున్న ఒక విద్యార్థి ఈ శరత్కాలంలో మూడో సెమిస్టరులోకి వస్తున్నాడు. మేజరు గణితం, జీపీఏ 3.8. తండ్రికి ఆరోగ్యం బాగాలేదు, కొడుకు దూరం వెళ్లడం ఇంట్లో ఇష్టం లేదు. ట్యాగ్ కోసం ఒక క్యాంపస్‌ను ఎంచుకుంటే బర్కిలీకి దరఖాస్తు చేసే వీలు పోతుందేమోనని అతను భయపడుతున్నాడు. ఏమి చెప్పాలి?

జవాబు 5 — విశ్రాంత కౌన్సెలర్, శాక్రమెంటో

అమ్మా, వీలు పోదు. ట్యాగ్ ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి గానీ, సాధారణ యూసీ అప్లికేషన్‌లో తక్కిన క్యాంపస్‌లన్నింటినీ ఎంచుకోవచ్చు. ఒక దానికి హామీ ఉన్నంత మాత్రాన మరొకచోట అవకాశం తగ్గదు. ఆర్థికంగా ఇబ్బంది ఉన్న కాలిఫోర్నియా కుటుంబాలకు కొన్ని క్యాంపస్‌ల వరకు అప్లికేషన్ ఫీజు మినహాయింపు కూడా ఉంది. ఫామ్ నింపుతున్నప్పుడే అది తేలుతుంది.

ఈ అబ్బాయికి నేనైతే సెప్టెంబరులో డేవిస్‌కు గాని సాంటా క్రూజ్‌కు గాని ట్యాగ్ పెట్టించి, అక్టోబరులో అప్లికేషన్లు తీసుకోవడం మొదలవగానే బర్కిలీ, యూసీఎల్‌ఏ రెండింటినీ చేర్పిస్తాను. దగ్గరలోని కాల్ స్టేట్ క్యాంపస్‌కు విడిగా దరఖాస్తు చేయిస్తాను. యూసీ నిర్ణయాలు ఏప్రిల్ నెలాఖరుకల్లా వస్తాయి, ఒప్పుకోవడానికి జూన్ 1 దాకా గడువు ఉంటుంది. ఇంట్లో వాదన ఇప్పుడే తేల్చుకోనక్కరలేదు. చేతిలో సీటు, దాని పక్కన ఫైనాన్షియల్ ఎయిడ్ లెటరు ఉన్నప్పుడు తండ్రితో జరిగే సంభాషణ వేరుగా ఉంటుంది. ఆ లెటరు రావాలంటే ఫాఫ్సా (ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు), కాల్ గ్రాంట్ (రాష్ట్రం ఇచ్చే సాయం) పనులు మార్చి 2 లోపు పూర్తికావాలి.

దూరం గురించి: హేవర్డ్‌లో బార్ట్ (బే ఏరియా లోకల్ రైలు) ఎక్కితే రైలు మారకుండా డౌన్‌టౌన్ బర్కిలీలో దిగవచ్చు. ఇంట్లోనే ఉండి బర్కిలీలో చదవడం అతనికి సాధ్యమే. వీలైతే ఒక శనివారం తండ్రీకొడుకులిద్దరినీ ఆ రైల్లో వెళ్లి, క్యాంపస్‌లో కాసేపు తిరిగి రమ్మనండి. ఇక మూడో సెమిస్టరు గ్రేడ్లను జనవరిలో నమోదు చేయడం మరచిపోవద్దని అతని ఫోనులో మీ ముందే రిమైండరు పెట్టించండి. గ్రేడ్లు, కోర్సులు అన్నీ ఉండి కూడా, ఆ ఒక్క పని చేయక దరఖాస్తు రద్దయిన పిల్లలను నేను చూశాను.